తారీఖు లేని పని

కంబదూరు,
జూన్ 2004

తమ్ముడూ శశీ,

నీ ఉత్తరం వచ్చింది, వానే ఇంకా రాలేదు. డైరీ, ఫోను కలిపి ఒకే యంత్రంగా చేసే మీ బెంగళూరు కంపెనీలో, వాడేవాళ్లకు ఇంకా ఏం కావాలో కనుక్కునే పని నీదని రాశావు. నా కోరిక కూడా రాసుకో.

నిరుడు చెనక్కాయ విత్తడానికి నువ్వే ఒక తారీఖు అనుకొని ఆ యంత్రంలో ఎక్కించుకున్నావు. అది మోగిన రోజే బస్సు దిగావు. అప్పటికే మీ బావ ఒక్కడే తంటాలు పడి విత్తేశాడు, నేల పదును కూడా ఆరిపోయింది. ఎద్దులిచ్చే ఎర్రిస్వామన్న, "ఏమప్పా, వాన నీ ఫోన్నడిగి పడతాదనుకొంటివా?" అని నవ్వినాడు.

ఈసారి బావ చెయ్యి విరిగి కట్టులో ఉంది. విత్తనం నేను పోస్తాను, గొర్రు నువ్వు పట్టాలి. చేను బీడు పెట్టేది లేదు.

ఏ తారీఖుకు రావాలో రాయమన్నావు. రాయను. "వాన పడినప్పుడు" అని ఎక్కించుకునే చోటు ఆ యంత్రంలో పెట్టమని మీవాళ్లకు చెప్పు. పెట్టినా పెట్టకపోయినా, ఊరి కాయిన్ బాక్స్ నుంచి నీకు ఫోన్ చేస్తాను. "పడింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తాను. నువ్వు బస్సెక్కు.

మీ అక్క