ఏనుగు చెయ్యబోతే

జూన్ 2, ఆదివారం
నిర్ణయం అయిపోయింది! ఇకమీదట మా వాళ్లలో ఎవరి పుట్టినరోజైనా సరే, కొన్న కానుక ఇచ్చేది లేదు. నా చేత్తో చేసిందే! ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టేశాను. బొటనవేళ్లు బోలెడు వచ్చాయి. వెనకవీధిలో ఉండే మా అక్క మాత్రం "ఒంట్లో బాగుందా?" అని అడిగింది.
మొదటి కానుక అక్క కూతురికే. అయిదో పుట్టినరోజు. గుడ్డతో ఏనుగు!

జూన్ 4, మంగళవారం
బూడిదరంగు గుడ్డ, దూది, ఊలు తెచ్చాను. సూదుల్లో ఇన్ని రకాలా! అన్నీ తెచ్చాను.
మా ఆవిడ: "చొక్కా గుండీ ఊడితే నన్ను కేకేస్తారు. మీరు ఏనుగు కుడతారా?"
గుండీ వేరు, కళ వేరు.

జూన్ 7, శుక్రవారం
నాలుగు కాళ్లూ అయిపోయాయి! ఒకటి పొట్టి. ఫర్వాలేదు, నడుస్తోంది అనుకుంటారు.

జూన్ 10, సోమవారం
ఇవాళ కుట్టలేదు. మబ్బు పట్టింది. సూదిలో దారం ఎక్కాలంటే వెలుతురుండాలి కదా.
"కళ్లజోళ్ల షాపులో పనిచేస్తూ కనబడట్లేదని బయట అనకండి. షాపు మూతపడుతుంది" అంది మా ఆవిడ.

జూన్ 12, బుధవారం
ఇవాళా కుట్టలేదు. వేలికి సూది గుచ్చుకుంది. చిన్నదే. కానీ గాయం గాయమే.

జూన్ 14, శుక్రవారం
ఎల్లుండే పుట్టినరోజు! గుడ్డ చాల్లేదు. తొండం పొట్టిగా, లావుగా తేలింది. దంతాలు అతికించిన కొద్దీ గుడ్డ చిరిగి ఊడుతున్నాయి. ఆ చిరుగులు కనబడకుండా తొండం కింద నల్ల ఊలు దట్టంగా కుట్టేశాను. మిగిలిన దూదంతా పొట్టలో కూరాను.
దూరంగా నిలబెట్టి చూశాను. ఎక్కడో చూసిన మొహం. జూలో అయ్యుంటుంది.

జూన్ 16, ఆదివారం
ఘోరం.
కేకు కోశారు. పిల్ల నా పొట్లం విప్పింది. బొమ్మని పైకెత్తి "నాన్నా!" అని అరిచింది.
గది గదంతా బావ వైపు తిరిగింది. అదే ముక్కు. అదే మీసం. అదే పొట్ట. ఎదురింటి డాక్టరుగారు నవ్వలేక సోఫా మీంచి జారిపోయారు.
"ఏనుగమ్మా అది" అన్నాను.
"కాదు మావయ్యా, నాన్నే!"
బావ కేకు ప్లేటు పక్కన పెట్టేసి, లోపలికెళ్లి తలుపేసుకున్నారు.
వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నేను ఏనుగుని చెయ్యబోతే బావ అయ్యారు.

జూన్ 18, మంగళవారం
అక్క ఫోను. పుట్టినరోజున ఎవరో తీసిన ఆ బొమ్మ ఫొటో బావ కారు నేర్పే డ్రైవింగ్ స్కూలుదాకా పాకిందట. హారన్ కొట్టమంటే ఒకాయన నోటితో ఘీంకరించాడట.
"మీసం తీసేస్తానంటున్నార్రా! నీ పేరెత్తితే లేచి వెళ్లిపోతున్నారు."
"ఏం చెయ్యమంటావక్కా?"
"నువ్వింకేమీ చెయ్యకు. అదే పదివేలు."
నాకు కారు నేర్పింది బావే. గేటుని గుద్దేసినా ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాను.
సూదుల డబ్బా అటకెక్కింది. నిర్ణయం కూడా.

జూన్ 29, శనివారం
రేపు బావ పుట్టినరోజు. నీలం చొక్కా కొన్నాను. కొన్నదేనని తెలియాలి, ట్యాగు కూడా తెంపలేదు.

జూన్ 30, ఆదివారం
బావే తలుపు తీశారు. మీసం ఉంది! ప్రాణం లేచొచ్చింది. చొక్కా ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు.
"కొన్నావా?"
"కొన్నాను బావా. ఒట్టు. సూది ముట్టలేదు."
మొహం ముడుచుకుపోయింది. "పిల్లకైతే వేళ్లు పొడుచుకుని మరీ కుట్టావు. నాకైతే షాపుకెళ్లి పడేస్తావా?"
"మీకు కోపం వచ్చిందని..."
"రాదా మరి? అచ్చు దించేశావు!" చొక్కా పక్కన పెట్టారు. "నేను రావడం ఆలస్యమైతే పిల్ల ఆ బొమ్మకి ముద్దు పెట్టి పడుకుంటోందిరా."
వంటింట్లోంచి అక్క అరిచింది: "ఆయనకీ ఒకటి కుట్టి ఏడువు!"

జూలై 1, సోమవారం
మళ్లీ మొదలు! డబ్బా దించాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.
ఈసారి బావకి జిరాఫీ. బాగా ఆలోచించే ఎంచుకున్నాను. మా రెండు కుటుంబాల్లోనూ మెడ అన్నది ఎవరికీ లేదు.