అడ్వైసుకీ ఆర్డరుకీ మధ్య మా సెలూను

సోమవారం
నాకు అక్షరం ముక్క రాదు. కాబట్టి ఇది కోడలి చేత రాయిస్తున్నాను. గొడవ దానితోనే, రాసేదీ అదే. న్యాయం ఎంత ఉంటుందో మీరే చూసుకోండి.

ఈ సెలూను పెట్టింది నేను. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది కనుక కత్తెర కోడలిది, నోరు నాది. నిన్న తేల్చేసింది: "అత్తయ్యా, మీరిచ్చేది అడ్వైస్ కాదు, ఆర్డర్. ఈ వారంలో మారకపోతే మలుపులో ఉన్న పెద్ద సెలూనుకు వెళ్లిపోతా. రమ్మంటున్నారు."

తేడా ఏమిటే అన్నాను.

"చెప్పి వదిలేస్తే అడ్వైస్. చెప్పి అక్కడే నిలబడితే ఆర్డర్."

ఓస్, ఇంతేనా! ఈ పూట నుంచే అడ్వైసు మాత్రమే! అది పోతే కొట్టు మూతే కదా.

మంగళవారం, సాయంత్రం
దివ్యంగా ఉంది! ఇచ్చిన అడ్వైసులు:
నేల ఊడిస్తే బాగుంటుంది.
తువ్వాళ్లు తడిగా ఉన్నట్టున్నాయి.
ఆ పెద్దాయన మెడ మీద నాలుగు వెంట్రుకలు మిగిలాయి, నాకెందుకులే.

అన్నీ చెప్పి వదిలేశాను. నేల ఎవరూ ఊడవలేదు. నేనే ఊడ్చాను, గట్టిగా.

"ఆ చీపురు చప్పుడు ఆర్డరే అత్తయ్యా."

ఇక చీపురుకు కూడా ఇంగ్లీషు నేర్పాలి.

బుధవారం
నోరు విప్పితేనే కదా ఆర్డర్. ఇవాళ దగ్గాను. కోడలు దువ్వెన వంకరగా పట్టుకుంటే చిన్న దగ్గు, కత్తెర తుడవకపోతే పెద్ద దగ్గు. బస్సు నడిపే నా కొడుకు భోజనానికి వచ్చి, "మందు తేనా అమ్మా?" అన్నాడు.

"ఆ దగ్గుకు మందు లేదండీ" అంది కోడలు. మొగుడూ పెళ్లాం నవ్వుకున్నారు. కన్నందుకు బాగానే నవ్వాడు.

గురువారం
ఒక్క మాటా అనలేదు. కడుపు ఉబ్బింది.

ఒక అనుమానం. డాక్టరు "ఉప్పు మానెయ్" అంటే అడ్వైసట. నేను "కత్తెర తుడువు" అంటే ఆర్డరట. తెల్లకోటు తొడుక్కుంటే ఆర్డరు కూడా అడ్వైసైపోతుందన్నమాట!

"ఆయన వచ్చి మన వంటింట్లో నిలబడడుగా" అంది కోడలు. ఈ ముక్క రాయొద్దన్నాను. రాసేసింది.

శుక్రవారం
ఇది కొడుకు రాస్తున్నాడు. కోడలు లేదు.

లెక్కల టీచరమ్మ వచ్చింది. నడుము దాకా జుట్టు. మెడ దాకా కత్తిరించమంది. "కాస్త పొడవుంచుకుంటే బాగుంటుందేమో" అన్నాను. అచ్చమైన అడ్వైసు! వద్దంది. వదిలేశాను. వెనక్కి కూడా జరిగాను. కోడలు కత్తెర ఎత్తింది. అంతే, నా చెయ్యి నాకు చెప్పకుండా వెళ్లి దాని మణికట్టు పట్టుకుంది.

"ఆగవే!"

కత్తెర జారింది. జానెడు ఉండాల్సిన పాయ వేలెడు మిగిలింది.

టీచరమ్మ అద్దంలో చూసుకుంది. "జుట్టు నాదా, మీదా?" అంది.

కోడలు మిగతా జుట్టంతా ఆ పాయకు సరిపోయేలా సర్దింది. బాగానే కుదిరింది, అది వేరే సంగతి. నా తప్పుకు తను క్షమాపణ చెప్పి, కత్తెర సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

నా వాదన: అది కేక. కేక అడ్వైసూ కాదు, ఆర్డరూ కాదు.

"చెయ్యి కూడా పట్టుకున్నావుగా అమ్మా" అంటున్నాడు కొడుకు.

నువ్వు రాయడానికొచ్చావా, తీర్పు చెప్పడానికా?

శనివారం
వచ్చినవాళ్లంతా "ఆవిడ లేరా?" అని వెనక్కి తిరిగారు. ఆవిడంటే నేను కాదట.

ముందు టీచరమ్మ ఇంటికి వెళ్లి తప్పయిందన్నాను. అక్కణ్నుంచి మలుపు సెలూనుకు. కోడలు ఎవరికో తల కడుగుతోంది. వెనకాలే మేనేజరు: "నీళ్లు తగ్గించు. త్వరగా. నవ్వు మొహం పెట్టు."

ఒళ్లు మండిపోయింది. నా కోడలికి ఆర్డర్లెయ్యడానికి వాడెవడు! అది నా హక్కు! ఆ మాటే వాడి మొహం మీద అనేశాను. అందరూ తిరిగి చూశారు.

కోడలి వైపు తిరిగాను. నోట్లోకి "పద ఇంటికి" వచ్చేసింది. మింగాను.

"వస్తావా?" అన్నాను.

ఇన్నేళ్లలో దాని ఇష్టమేమిటని నేనడిగిన మొదటి ప్రశ్న అదేనట.

"ఈ తల కడిగేసి వస్తా. మీరు బయట కూర్చోండి."

అది ఆర్డరే. కూర్చున్నాను.

సోమవారం
మళ్లీ కోడలే రాస్తోంది. ఇంకో వారం గడువిచ్చింది. ఈసారి అడ్వైసులు కూడా బంద్. అడగడమే, చెప్పడం లేదు. ఒట్టు!

మొదటి ప్రశ్న: ఆ కిటికీ అద్దం ఎవరు తుడుస్తారే?