తలుపు మీది ఫోటో

నెదెల్కా గారికి స్తేరియోస్ నమస్కారాలు.

ఇక్కడ మూడు రోజులుగా మంచు. పొద్దుటి నుంచి బేకరీ ముందు అదే తోస్తున్నాను. రొట్టెలు కాల్చే పని లేదు కదా. గ్రీసులో డబ్బుకు కరువొచ్చి నా బేకరీ మూతపడింది. మీ బల్గేరియా ఊళ్లో మీ ఇంటి బట్టీ ఉంది, కాల్చేవాడు లేడు. సరిహద్దుకు రెండు వైపుల ఊళ్లూ కలిసి అడిగితేనే దాన్ని నడపడానికి డబ్బిస్తామంటోంది ఐరోపా సమాఖ్య ఆఫీసు. ఈ కరువే రాకపోతే కొండకవతల మీరున్నారని మాకు గుర్తొచ్చేది కాదు. ఆ డబ్బు రాకపోతే వచ్చే నెల మొదటి శనివారం నేను జర్మనీ బస్సెక్కాలి. "రొట్టెలు పట్టుకుని వేలాడితే ఆకలితో పోతావురా" అని మా బావ టికెట్టు కొనేశాడు.

మంగళవారం మీ సంతకం కోసం వచ్చాను. తలుపు మీద నల్ల అంచు కాగితం, అందులో మీ ఆయన ఫోటో, చావు కబురు. తట్టడానికి చెయ్యి రాలేదు. మర్నాడు, పోయినవారి పేర మా పద్ధతిలో గోధుమలు ఉడికించి, గిన్నెతో సంచిలో తెచ్చి గుమ్మానికి తగిలించాను. మీరు దుఃఖంలో ఉన్నారు, కాగితాలు నలభై రోజులు ఆపమని ఆఫీసుకు రాశాను. అప్పటికి నేను జర్మనీలో ఉంటాను. ఫర్వాలేదు.

ఇట్లు,
స్తేరియోస్

తా.క. గోధుమల్లో దానిమ్మ గింజలు కూడా వేశాను.

స్తేరియోస్ గారూ,

మిమ్మల్నెవరు రాయమన్నారు? మా ఆయన వెలిచ్కో పోయి పదకొండేళ్లయింది! మా దగ్గర ఏటా మనిషి పోయిన రోజుకు ఆ కాగితం మళ్లీ అంటిస్తాం. మీ పొలాల్లో బంగాళాదుంపలు తవ్వుతూ నేను మీ భాష నేర్చుకున్నాను. మొన్న మంగళవారం దాకా మీరు ఒక్కసారైనా కొండ దిగి మా తలుపులు చూశారా? ఇక్కడ ముసలమ్మలు రోజూ ప్రాణం తీస్తున్నారు. "ఏమే, మీ గ్రీకాయన రొట్టె ఎప్పుడే? ఈ నాలుగు పళ్లూ ఊడాకా?"

ఆఫీసుకు వెంటనే చెప్పండి.

నెదెల్కా

తా.క. గోధుమలు మా మేక తినేసింది. గిన్నె మాత్రం వదిలింది.

నెదెల్కా గారికి,

తప్పయింది. ఆఫీసుకు ఫోన్ చేసి ఆ చావు కబురు పొరపాటన్నాను. వాళ్లు చాలా సంతోషించారు. బట్టీ మీ ఆయన పేర ఉందట, ఆయనే సంతకం పెట్టాలట. "అయ్యా, ఆయన లేడండీ" అన్నాను. "ఫర్వాలేదు, వచ్చాక పెట్టమనండి" అన్నారు.

సిగ్గుతో,
స్తేరియోస్

తా.క. సూట్‌కేసు సర్దేశాను. పిండి జల్లెడ మాత్రం అందులో పట్టలేదు. బయటే ఉంది.

స్తేరియోస్ గారూ,

ఇక మీరు ఎవరికీ ఏమీ చెప్పకండి. తలుపు మీది కాగితం ఊడదీసి, బట్టీ నా పేరుకు మారిన పత్రం పట్టుకుని నేనే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి కాగితం మీద ఆయన ఫోటో చూసి "చక్కగా ఉన్నాడు" అంది. "ఉండేవాడు" అన్నాను. ముద్ర వేసింది. డబ్బిస్తారు.

ఇంటికొస్తే తలుపు బోసిగా కనిపించింది. కొత్త కాగితం అంటించలేదు. ఆయన ఫోటో లోపల, బట్టీ పైన పెట్టాను. అక్కడ వెచ్చగా ఉంటుంది.

నెదెల్కా

తా.క. గిన్నె పంపను. వచ్చి తీసుకోండి. జల్లెడ మర్చిపోవద్దు.

నెదెల్కా గారికి,

మంచు కరిగింది. జల్లెడతో సోమవారం వస్తున్నాను. ఈసారి తలుపు తడతాను.

స్తేరియోస్

తా.క. జర్మనీ బస్సు శనివారం ఉదయం ఆరింటికి వెళ్లింది. నా సీట్లో మా బావ వెళ్లాడు.