గేటు దగ్గర బోర్డు

అక్కయ్యకి నమస్కారాలు.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేముందు మీ మరిది రాఘవులు అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు పక్కనే ఉన్నావు. అప్పటికే అతను ఇక్కడ ఇంజినీరు. "గుజరాత్ అయితే ఏంటండి బావగారూ! పెద్ద కంపెనీ. మనవాళ్ళ ఒంటిమీద గీత పడితే ముందు నేనడుగుతాను" అన్నాడు. ఆ మాట నమ్మే నేనూ, రాజోలు డేవిడూ ఇల్లు వదిలి వచ్చాం. ఇరవయ్యేళ్ళయింది.

నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారికి ఆయాసం తగ్గిందా? మేం బాగానే ఉన్నాం. బాగానే అంటే, బతికి ఉన్నాం. ఎండలు మండిపోతున్నాయి. ఈ ఊళ్ళో పప్పులో పంచదార వేస్తారు, అదీ అలవాటైంది. అలవాటు కానిది కంపెనీ ఒక్కటే.

మా గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో దానిమీద రోజూ అంకె మారుస్తారు. రాఘవులు ఇప్పుడు ఫ్యాక్టరీకి పెద్ద మేనేజరు కదా, ఆ అంకె చూపించే బొంబాయి హెడ్డాఫీసులో మెప్పు పొందుతాడు. అందుకని ఇక్కడ ఎవరికీ దెబ్బ తగలదు. వేలు తెగినా సెలవు రాసి ఇంటికి పంపుతారు. నోరెత్తినవాణ్ణి పొద్దుటి మీటింగులో అందరి ముందూ నిలబెట్టి తిడతాడు. చిన్న ఆఫీసర్లు నవ్వుతారు. నవ్వకపోతే రేపు వాళ్ళ వంతు. నేను చదివిన పుస్తకాల్లో దుర్మార్గపు రాజులు కూడా యుద్ధమయ్యాక పడిపోయినవాళ్ళని లెక్కపెట్టుకునేవారు.

పోయిన నెల ఆవిరి గొట్టం పగిలి డేవిడ్ కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. గొట్టం కారుతోందని అతను ముందే రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నిలబెట్టారు. కాలిన చేత్తో స్కూటరెక్కించి బయటి డాక్టరు దగ్గరికి తోలి, ఇంట్లో మరిగే నూనె పడిందని రాయించారు. ఇప్పుడు చెయ్యి పనికిరాదు కనక ఉద్యోగం తీసేస్తామంటున్నారు. షిఫ్టు పుస్తకం రాసేది నేను. జరిగింది జరిగినట్టే రాశాను.

రెండు వారాల కిందట ఆదివారం రాఘవులు మా ఇంటికొచ్చాడు. మీ మరదలు పెట్టిన చింతకాయ పులుసు రెండోసారి వేయించుకుని, "ఆ పేజీ మార్చి రాసెయ్యండి బావగారూ. ఆర్నెల్లలో రిటైరవుతారు, మీకెందుకండీ గొడవ?" అన్నాడు.

"డేవిడ్ సంగతేంటయ్యా?"

"ఆడి ఖర్మండి."

"ఆ చేత్తోనే నీ కూతురి పెళ్ళికి పందిరి వేశాడు."

"ఆయ్, వేశాడు. నేను కాదన్నానేంటండి?" అంటూ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాటినించి నన్ను గేటు పక్క ఖాళీ గదిలో కూర్చోబెట్టారు. పని లేదు, బల్ల లేదు. ఇన్నేళ్ళు కలిసి టీ తాగినవాళ్ళు తల తిప్పుకుని పోతున్నారు. పుస్తకం లాక్కున్నారు గాని ఆ పేజీ నకలు నా దగ్గరే ఉంది. వచ్చే సోమవారం లేబరాఫీసరు విచారణకి వస్తున్నాడు. డేవిడ్ తరఫున సాక్షిని నేనొక్కణ్ణే.

నీ ఉత్తరం అందింది. "ఇంటి పరువు తమ్ముడూ, కాస్త సర్దుకో" అని రాశావు. ఎవరు రాయించారో తెలుసు. సర్దుకోను.

ఇటు వచ్చేవాళ్ళుంటే కాస్త మాగాయ పంపు. మీ మరిది చేత మాత్రం పంపకు. అల్లవరం పెద్దమ్మకి మా దండాలు చెప్పు. పెద్దదానివి, కోపమొచ్చినా ఒక దీవెన రాయి.

నీ తమ్ముడు,
సత్యం

తా.క.: ఇందుకు బాధ్యులెవరని ఆఫీసరు అడిగితే ఏం చెబుతావన్నావు. బొంబాయి అనను, గొట్టం అనను, ఖర్మ అనను. ఒక్క పేరే చెబుతాను. రాఘవులు.