మాచ్‌ఖండ్ నుంచి పెరంబూరుకు

అన్నా,

నువ్వే గెలిచావు. మాచ్‌ఖండ్ ఏటి మీద కరెంటు తీశారని పోయిన నెల పేపర్లో వస్తే అమ్మకు చదివి వినిపించాను. ఒరిస్సా సరిహద్దులో ఆ ఏటిని సర్వే చేయడానికి నువ్వు బయల్దేరిన రోజున, "నీళ్ళు దీపాన్ని ఆర్పతాయి గానీ వెలిగిస్తాయంట్రా?" అని నవ్వింది, గుర్తుందా? మన్యం జ్వరంతో నువ్వు అక్కడే పోయాక ఆ నవ్వూ పోయింది. మద్రాసు పెరంబూరులో మన వీధంతా బల్బులు వెలిగినా మనింట్లోకి మాత్రం తీగ రానివ్వలేదు. ఇన్నేళ్ళూ కిరసనాయిలు దీపమే.

 పేపరు విన్నాక అమ్మ, "ఆడ వాడి ఏట్లో కరెంటు పుట్టిందంటే, ఈడ మనం చీకట్లో ఎందుకుండాల? తీగ లాగించుమే," అంది.

నిన్న సాయంత్రం స్విచ్చి నేనే వేశాను. దీపం వెలగగానే దండం పెట్టుకునే అలవాటు కదా, అమ్మ బల్బుకూ చేతులు జోడించింది.

"ఎంత దూరం నుంచి వచ్చినావు నాయనా!" అంది.

నీ ఏటి కరెంటు మద్రాసుదాకా రాదు. ఇది బేసిన్ బ్రిడ్జి దగ్గర బొగ్గు కాల్చి తీసేది. ఆ సంగతి నేను చెప్పలేదు, చెప్పను కూడా. ఈ ఒక్కసారికి నువ్వూ అమ్మతో వాదించకు.

నీ చెల్లెలు