రెండు పళ్ల ఆకు

ప్రియమైన ఫెత్తూమ అక్కకు, సలాం.

నీ కబురు విని ఒళ్లు మండింది. మన పాత గంజాయి విత్తనంలో పరాయి మొలకలా? తనిఖీవాళ్లు పది రోజుల్లో వస్తారు. కల్తీ కనబడితే సర్కారు ఇచ్చిన ఊరి గంజాయి సాగు లైసెన్సు పోతుంది. ఎవరి పనో నాకు తెలుసు. నీ విత్తనపు మడికి పైనే విధవరాలు యామ్నా పొలం. నిరుడు ఆమె కొడుకు స్పెయిన్ నుంచి ఒక సంచితో వచ్చాడు, అందులో పరాయి విత్తనమే ఉండి ఉంటుంది. 'కొలతల్లో మోసగించేవారికి వినాశనం' అంటోంది గ్రంథం. ఊరి మసీదు ఫకీని కదా, శుక్రవారం ప్రసంగంలో అదే చెప్పి, ఆమె నీటి వంతు ఆపిస్తాను.

నీ తమ్ముడు,
అల్లాల్

ప్రియమైన తమ్ముడికి,

కాస్త ఆగరా. నీ గొంతు కొండ దిగి నా వంటింటిదాకా వస్తుంది, నా మోకాళ్లే కొండ ఎక్కవు. విత్తనానికి తల్లి మొక్కను మన అమ్మ ఎలా ఎంచేది? పూత రాకముందే ఆకు అంచు వేలితో తడిమేది. మనదానికి ఒకే వరుస పళ్లు, రంపంలా. ఈ మొలకలకు ప్రతి పన్ను మీదా మరో చిన్న పన్ను. వీటికి పుప్పొడి ఇచ్చిన తండ్రి మొక్క ఆకూ అలాగే ఉంటుంది. చుట్టూ ఉన్న ప్రతి పొలం చెక్కలోంచీ ఒక్కో ఆకు, పేరు రాసి పంపు. 'వార్త వస్తే విచారించుకోండి' అన్నదీ నీ గ్రంథమే. అందాక నీళ్లు ఆపకు.

అక్క,
ఫెత్తూమ

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. కాలువ మూసి నాలుగు రోజులైంది. యామ్నా మొక్కలు తలలు వేలాడేశాయి. ఆమె నా గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది: "ఆకు చూశావా, ఫకీ?" నేను చూడనక్కర్లేదన్నాను. మూడు ఆకులు పంపుతున్నాను: ఆమెది, నాది, మసీదు పొలం చెక్కది. ప్రతి చెక్కా అన్నావు గనుకే మూడోది.

అల్లాల్

తమ్ముడూ,

యామ్నా ఆకుకు ఒకే వరుస. నీదానికీ అంతే. మసీదు ఆకుకు పన్ను మీద పన్ను. అక్కడ ఏం చల్లావు? మగ మొక్కలు పీకలేదా? ముందు కాలువ తెరువు, జవాబు తర్వాత.

ఫెత్తూమ

ప్రియమైన అక్కకు,

కాలువ తెరిచే రాస్తున్నాను. నిరుడు ఒక బాటసారి మసీదుకు దానమిచ్చిన విత్తనం అది. కూలీలు మగ మొక్కలు పీకబోతే, 'ప్రతిదాన్నీ జంటగా సృష్టించాం' అన్న వాక్యం చదివి అడ్డుపడ్డాను. ఊరంతా మెచ్చుకుంది. ఆ పుప్పొడే నిరుడు గాలికి నీ మడిలోని పూత మీద పడింది. మసీదు చెక్కలో రాలిన గింజలు ఈ ఏడూ మొలిచాయి. ఈ పొద్దున అన్నీ వేళ్లతో సహా పీకేశాను. తప్పు నాదేనని మసీదులో చెప్పాను, తనిఖీవాళ్లకూ చెబుతాను. రెండు పళ్ల మొలకలు నువ్వు ఏరెయ్యి.

యామ్నా మొక్కలు రెండు వరుసలు ఎండిపోయాయి. కోతదాకా నా నీటి వంతు ఆమెకే. పార భుజాన వేసుకుని ఆమె వాకిట్లో నిలబడి క్షమాపణ వాక్యం ఎత్తుకోబోతే ఆమె ఆపింది.

"నీళ్లు ఆపడానికి వాక్యం తెచ్చావు. ఇప్పుడు పార తెచ్చావు కదా, అది చాలు. పద, పై మడి గట్టు తెగింది."

వెళ్తున్నానక్కా.

అల్లాల్