చిరునామా మార్పు దరఖాస్తు

మల్సూన్‌కు,

ఈ ఉత్తరం నీ అన్నగా కాదు, గ్రామ పెద్దగా రాస్తున్నాను, గమనించు.

నెలాఖరులోగా ఇరవై వేలమంది జనాభా ఉన్నట్టు తేలితేనే మన మండలానికి పట్టణ హోదా వస్తుంది. పదకొండుమంది తక్కువయ్యారు. నిన్న కార్యాలయంలో అందరి ముందూ మంగలి డుక్సు, "ఊరందరి కాళ్లూ పట్టుకుంటున్నావు గానీ పెద్దాయనా, సొంత చెల్లెలిచేత ఒక్క సంతకం పెట్టించలేవా?" అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది.

నాన్న తద్దినం నాడు నేనన్న మాటల జోలికి ఇప్పుడు పోను. నువ్వు రానక్కర్లేదు. బుసాన్‌లోనే ఉండు. చిరునామా ఒక్కటి ఇక్కడికి మారిస్తే చాలు. దీంతో పంపుతున్న దరఖాస్తులో ఇంటి నంబరు మనదే రాశాను.

చిరునామాకు చలి వేయదని నాకూ తెలుసు. అయినా నీ గదిలో నేల కింద వేడినీళ్ల గొట్టాలు బాగుచేయించాను. పొద్దున చేత్తో తాకి చూశాను, వెచ్చగానే ఉంది.

ఇట్లు,
గ్రామ పెద్ద